దుంగ మీద వచ్చిన చుట్టం

మొసలికి ఉన్నట్టు ఒళ్ళంతా పొలుసులు, ఒక్కొక్కటీ తమలపాకంత. ఏనుగు తొండాన్ని పట్టుకుని సన్నగా లాగినట్టు మూతి. నోట్లో పన్నన్నది లేదు గాని, నాలుక చాపితే మూరెడు. గోళ్ళు గునపాలు. నలుగురు మనుషులు మోకు వేసి లాగితే తప్ప ఒడ్డుకి రాని బరువు. వరద గోదారికి ఎదురీదుకుంటూ వచ్చి అది మా ఆసుపత్రి ముందు గట్టెక్కితే, ఊరంతా తలుపులు వేసుకుంటే, నేనొక్కణ్ణే ఎదురెళ్ళి పట్టుకున్నాను.

ఇది నేను పెళ్ళిభోజనాల దగ్గర చెప్పే కథ. సాంబారు వడ్డించేవాడు కూడా బకెట్టు పట్టుకుని నిలబడిపోయేవాడు. అక్కణ్ణించి నా వైపు వరసకి రెండోసారి గారెలు వచ్చేవి. కథకి నేను పుచ్చుకున్న ప్రతిఫలం అంతే.

పశువుల ఆసుపత్రుల్లో కొత్తగా చేరినవాళ్ళ కోసం సంచిక వేస్తున్నామనీ, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి రాయండి మాస్టారూ అనీ మన సంఘం కుర్రాళ్ళు అడిగినప్పుడు, ఇదే రాద్దామని కూర్చున్నాను. మొదటి పేరా చూశారు కదా, చెయ్యి దానంతటదే రాసేసింది. తర్వాత కదల్లేదు. పంక్తిలో చెప్పిన మాట విస్తరాకుతో పాటు లేచిపోతుంది. రాసింది మాత్రం ఎదురుగా కూర్చుని మన మొహం వైపు చూస్తూ ఉంటుంది.

కాబట్టి కొలతలు తగ్గిస్తున్నాను. పొలుసు తమలపాకంత కాదు, మారేడాకంత. నలుగురు లాగలేదు, ఒకాయన సంకలో పెట్టుకుని దింపాడు. ముడుచుకుని ఉంటే మొత్తం జంతువు మధ్యరకం పనసకాయంత. ఎదురీదుకుంటూ రాలేదు, దుంగ మీద వచ్చింది. నేను ఎదురెళ్ళలేదు, ఆసుపత్రి వరండాలో కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాను. మూతి, నాలుక, గోళ్ళ సంగతి నిజమే. అవి నేను ఎప్పుడు చూశానన్నదే అసలు సంగతి. అది చివర్లో వస్తుంది.

నేను కాంపౌండరుగా రిటైరయ్యాను. ఇప్పుడు మీ ఉద్యోగాలకి కొత్త పేర్లు పెట్టారు, చేతిలో ట్యాబులు పెట్టారు. పని మాత్రం అదే. మా ఆఖరి ఆసుపత్రి అప్పనపల్లి వెళ్ళే దారిలో ఏటిగట్టు మీద ఉండేది. ఊరి పేరు రాయను. రెండు గదులు, ఒక వరండా, ముందు చేతి పంపు. నేనూ, ఒక అటెండరూ, డాక్టరమ్మా. డాక్టరమ్మది గుంటూరు వైపు. అదే ఆవిడకి మొదటి పోస్టింగు. మనిషి నెమ్మది. నా కూతురి వయసుంటుంది. ‘కాంపౌండర్ గారూ, మీరెలా చేస్తారో ఒకసారి చూపించండి’ అని అడిగి నేర్చుకునే మనిషి. గేదె ఈనలేక పడిపోతే కడుపులో దూడని తిప్పడం ఆవిడకి నేనే చూపించాను. ఇది పెంచి చెప్పడం కాదు. గేదెల విషయంలో నేను ఎప్పుడూ పెంచలేదు, అవసరం రాలేదు.

పెంచింది ఏజెన్సీ విషయంలో.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఏజెన్సీలో, అంటే పైన మన్యంలో, ఒక సంత ఊరికి వేశారు. అక్కడ నేను చేసిన సేవ ఇది: గది అద్దెకి తీసుకున్నాను, మలేరియా తెచ్చుకున్నాను, సెలవు పెట్టి ఇంటికొచ్చాను, ఎవరెవరి కాళ్ళో పట్టుకుని తిరిగి వెళ్ళకుండా కొత్తపేట వైపు బదిలీ చేయించుకున్నాను. అడవిని బస్సు కిటికీలోంచి చూశాను. అయితే కోనసీమకి వచ్చాక నా ఏజెన్సీ ఏటేటా పెరిగింది. ఎలుగుబంటికి పన్ను పీకాను. చిరుతపులికి ఇంజెక్షన్ వేస్తుంటే సూది వంగింది. ఒకసారి చెప్పిన అబద్ధాన్ని రెండోసారి చెప్పేటప్పుడు తగ్గించలేం కదా. డాక్టరమ్మ వచ్చేసరికి నేను సగం జీవితం అడవిలో గడిపినవాణ్ణని మండలమంతా అనుకునేది. ఆవిడకి ఆ మాట అటెండరు చెప్పాడు. నేను కాదనలేదు.

మా వైపు ఇంకొక అలవాటుంది. మీలో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. అడిగినవాళ్ళతో తెలీదు అనడం మాకు మర్యాదగా అనిపించదు. దారి అడిగిన మనిషికి, మనకి తెలియకపోయినా, పాపం ఇంత దూరం వచ్చాడు కదా అని కాసిని మజ్జిగ ఇచ్చి మరీ ఏదో ఒక దారి చూపిస్తాం. అవతలి మాట సగంలో ఉండగానే ‘ఆయ్’ అంటాం. అందులో అవుననీ ఉంటుంది, విన్నామనీ ఉంటుంది, మిమ్మల్ని నొప్పించం అనీ ఉంటుంది. తెలుసు అని మాత్రం ఉండదు. అది వినేవాళ్ళకి తెలియదు. గుంటూరు వాళ్ళకి అసలు తెలియదు.

ఆ యేడు వరద గట్టిగా వచ్చింది. ఏటి మధ్య లంకల్లో జనాన్ని హైస్కూలుకి చేర్చారు. అందిన గొడ్లని తోలుకొచ్చి గట్టు పొడుగునా కట్టేశారు. కరెంటు లేదు. ఫోన్లు గాలి వాటాన్ని బట్టి పలికేవి. డాక్టరమ్మ వ్యాక్సిన్ డబ్బా పట్టుకుని బోటులో పై లంకకి వెళ్ళారు, అక్కడ మేడల మీద గొడ్లు ఉండిపోయాయని. ఇవతల గట్టు నా మీద ఉంది.

మీలో వరద చూడనివాళ్ళ కోసం ఒక మాట. గోదారి ఎర్రబడ్డాక పైనుంచి కలప కొట్టుకొస్తుంది. ఇల్లు మునిగినవాడు కూడా నావ వేసుకుని దుంగల కోసం వెళ్ళడం మావాళ్ళకి ఉన్న పిచ్చి. అలా వెళ్ళిన లంక రైతు ఒకాయన పొద్దున్నే తడి పంచెతో ఆసుపత్రి మెట్లెక్కాడు. సంకలో ఇది.

“కాంపౌండరు గారండీ, దుంగని లాగుతుంటే దుంగతో పాటు ఇదొచ్చిందండి. పట్టు వదల్లేదండి. దుంగలోంచి గోళ్ళు ఒక్కొక్కటీ ఊడదీసేసరికి పెద్ద పనైపోయింది. ఊడదియ్యగానే ఇలా ఉండచుట్టుకుపోయింది. ఏంటంటారండి?”

వరండా గచ్చు మీద పెట్టాడు. చూడ్డానికి పనసకాయే. ముళ్ళకి బదులు పొలుసులు. తల లేదు, కాళ్ళు లేవు, ఎక్కడ మొదలో తెలియదు. లోపలెక్కడో ఊపిరి మాత్రం ఉంది. అటెండరు దూరం నుంచే చీపురుకట్టతో తాకి చూశాడు. ‘ఉస్’ మని బుసకొట్టి ఇంకాస్త బిగిసింది.

అప్పటికే పాతికమంది చేరారు. పెళ్ళిళ్ళలో అయితే వెయ్యిమంది. అందరూ దాన్ని చూడ్డం మానేసి నన్ను చూస్తున్నారు. ఆ చూపు ఎంత బాగుంటుందో మీకెలా చెప్పను. మునిగిపోయిన ఇళ్ళ మనుషులు, రాత్రంతా బెంచీల మీద కూర్చున్న మనుషులు. ఒక్కరికైనా ఏదో ఒకటి తెలిసి ఉంటే బాగుండునన్నట్టు చూస్తున్నారు.

నేను టీ గ్లాసు కింద పెట్టి, కళ్ళజోడు పైకి తోసి, “ఏజెన్సీలో ఇవి తెగ ఉంటాయి,” అన్నాను.

“ఏం జంతువండీ?”

“నీటి జంతువే. పొలుసులు చూడ్డం లేదా? పొలుసున్నది నేల మీద బతుకుతుందేంటి? ఒళ్ళు ఎండకూడదు దీనికి. ఎండితే పోతుంది.”

అనుకుని అన్నమాట కాదు. నోట్లోంచి వస్తుంటే నాకే బాగుందనిపించింది. మేమంతా నీళ్ళ పక్క పుట్టినవాళ్ళం. పొలుసంటే మాకు చేప. వరద తెచ్చింది, పొలుసులున్నాయి. ఇంకేం కావాలి? అంతమందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అటెండరు అప్పుడే బిందె తీసుకుని పంపు దగ్గరికి పరిగెత్తాడు.

మొదటి బిందె నేనే పోశాను. అది ఇంకా బిగుసుకుంది. “చూసేరా, హాయిగా సర్దుకుంటోంది,” అన్నాను.

అక్కణ్ణించి ఊరు అందుకుంది. మావాళ్ళ సంగతి తెలుసు కదా, గుమ్మంలోకి వచ్చినదాన్ని ఊరికే పోనివ్వరు. గోదారమ్మ తోడిచ్చి పంపిన చుట్టం అన్నారు. ఒకావిడ పసుపు కుంకాలు తెచ్చింది. ఒకాయన కొబ్బరికాయ కొట్టి నీళ్ళు దాని మీద పోశాడు. స్కూల్లో పంచిన పాల ప్యాకెట్లు తెచ్చి పళ్ళెంలో పోసి దగ్గర పెట్టారు. అరటిపళ్ళు పెట్టారు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో చెంబు నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకుని వెళ్ళేవారు. అటెండరు సెలైను గొట్టాలు ముడేసి తాడు కట్టి, ఇటు నించి రండి, అటు నించి వెళ్ళండి, చూసినవాళ్ళు మళ్ళీ వరసలోకి రావద్దండి, అని ఆపకుండా అరుస్తున్నాడు. ఆ తాడు అవతల కుర్చీలో నేను. ప్రతివాళ్ళకీ దాని ఆచార వ్యవహారాలు చెబుతున్నాను.

ఒక ముసలావిడ మూతపెట్టిన గిన్నె పట్టుకొచ్చింది. తీస్తే పులస చేప ముక్క. వరదలో పులస ముక్క అంటే ఎవరికి ఎవరు పెడతారో మీకు తెలుసు.

“ఒక్క ముక్కే మిగిలిందండి బాబూ. మా అల్లుడికని దాచేను. ఆడు రోజూ తినేవోడే. ఇది ఎక్కణ్ణించొచ్చిందో, ఏం తిందో. పెట్టండి.”

“తింటుందమ్మా, ఇప్పుడు మొహమాటపడుతోంది,” అన్నాను. అందరూ నవ్వారు. ఆ ముక్క సాయంత్రం కాకి ఎత్తుకుపోయింది.

మధ్యాహ్నం మా ఆవిడ నాకు క్యారియరు తెచ్చింది. వరస తప్పించుకుని లోపలికి వచ్చి, దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. జనం వింటుండగానే అడిగింది.

“ఏవండీ, మనమంటే ఈత రాక దుంగ పట్టుకుంటాం. ఇది నీళ్ళలోదే అయితే దీనికి దుంగెందుకండీ?”

జవాబు లేనప్పుడు నాకు హాస్యం బాగా వస్తుంది.

“స్వామివారికి పల్లకీ ఎందుకే? నడవడం రాకా?”

తాడు ఇవతలా అవతలా అందరూ పగలబడి నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వి, “ఆయ్, మీకు తెలీందేముంది,” అని క్యారియరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ నవ్వుని నేను గెలుపు అనుకున్నాను. పదిమందిలో మొగుణ్ణి చిన్నబుచ్చకూడదని ఆవిడ వెనక్కి తగ్గిందని అప్పుడు తోచలేదు.

ఆ తర్వాత కాసేపటికి డాక్టరమ్మ ఫోను పలికింది. మాట తెగుతూ అతుకుతూ వస్తోంది. గట్టు మీద గొడ్ల సంగతి చెప్పి, చివర్న ఇలా ఒక జంతువు వచ్చిందమ్మా అన్నాను. పొలుసులున్నాయా, ముడుచుకుపోయిందా, మూతి కనబడుతోందా అని గబగబా అడిగారు. తర్వాత అన్నారు:

“అలుగేమో అండీ, చీమలు తినే పాంగోలిన్. అడవి నుంచి కొట్టుకొచ్చినట్టుంది. నేను పుస్తకంలో చదివానంతే, ఎప్పుడూ ముట్టుకోలేదు. మీరు ఇంతకు ముందు చూశారా?”

“ఆయ్. ఏజెన్సీలో చూసేనండి.”

“నిజంగానా? అమ్మయ్య. అయితే ఎలా ఉంచాలో మీకు తెలుసు కదా. నేను చదివింది చెప్పమంటారా?”

“అక్కర్లేదమ్మా. ఇవి నాకు అలవాటే.”

“బోటు ఇక్కడే ఉంది. ఇప్పుడు బయల్దేరి రమ్మంటే వచ్చేస్తాను. లేదంటే ఇక్కడ ఇంకో నాలుగిళ్ళు మిగిలాయి, చూసుకుని రేపొద్దున్న వస్తాను. మీరు చెప్పండి.”

మీరు చెప్పండి అన్నారు. అంత చదువుకున్న మనిషి, పై అధికారి, నేను చెప్పినట్టు చేస్తానన్నారు. తాడు అవతల జనం నా మొహంలోకి చూస్తున్నారు. తెలీదమ్మా, చప్పున వచ్చెయ్యండి అన్నానంటే ఆ ఎలుగుబంటి పన్నూ, వంగిన సూదీ అన్నీ వరదలో కొట్టుకుపోతాయి.

“రేపు చాలమ్మా. నేను చూసుకుంటాను,” అన్నాను.

అదే నా కేసు. మిగతాదంతా దాని వెనక వచ్చింది.

సాయంత్రానికి గాలి చల్లబడింది, వాన మళ్ళీ మొదలైంది. జనం పల్చబడ్డాక, ఒళ్ళు ఎండకుండా ఉండాలని గోనెపట్టా తడిపి దాని మీద కప్పాం. కప్పుతుంటే చేతికి తెలిసింది. పొలుసు పొలుసూ సన్నగా అదురుతోంది. ఊపిరి అనుకున్నాను. కాదు, ఊపిరి అని నాకు నేను చెప్పుకున్నాను. ముప్పయ్యేళ్ళు గొడ్ల మీద చెయ్యి వేసి జ్వరం చెప్పినవాణ్ణి, వణుకు తెలియదా? తెలిసింది. అయితే ఆ పట్టా తీసేస్తే పొద్దుటి నుంచి పోయించిన నీళ్ళకి ఏం చెప్పాలి?

చీకటి పడేలోగా ఇంటికొచ్చాను. మా ఆవిడ పెట్లోంచి దళసరి దుప్పటి తీసి నా మీద వేసింది. వేస్తూ అంది:

“మీకు దుప్పటి, దానికి తడి గోనె.”

“దాని తత్వం వేరు,” అన్నాను.

“ఆయ్,” అంది.

పొద్దున్నే బోటు గట్టుకి రాసుకుంది. డాక్టరమ్మ మోకాళ్ళ దాకా బురదతో మెట్లెక్కి వచ్చారు. నిన్నటి తాడు, పసుపు, అరటిపళ్ళ తొక్కలు, వరండా అంతా నీళ్ళు. ఆవిడ దేన్నీ చూడలేదు. తిన్నగా వెళ్ళి గోనెపట్టా ఎత్తారు. అరచెయ్యి ఆనించారు. తియ్యలేదు, అలాగే ఉంచారు.

“ఇంత తడి ఎలా అయిందండీ?”

అటెండరు నా వైపు చూశాడు. నేను పంపు వైపు చూశాను.

ఆవిడ మళ్ళీ అడగలేదు. “పొడి బట్టలు కావాలి. వేణ్ణీళ్ళు కావాలి. నిప్పు కావాలి,” అన్నారు.

మావాళ్ళ గురించి ఒక మంచిమాట రాయాలంటే ఇక్కడ రాయాలి. నిన్న చెంబులతో నీళ్ళు పోసినవాళ్ళే స్కూలు దాకా పరిగెత్తారు. కట్టుకోవడానికి తమకే రెండో చీర లేనివాళ్ళు చీరలు తెచ్చారు. దుప్పట్లు తెచ్చారు. ఒకాయన పందిట్లో దాచుకున్న ఎండు కొబ్బరి డొక్కలు తెచ్చి మూకుడులో నిప్పు చేశాడు. ఖాళీ సెలైను సీసాల్లో వేణ్ణీళ్ళు పోసి చుట్టూ పేర్చాం. డాక్టరమ్మ గచ్చు మీద చతికిలబడి దాన్ని ఒళ్ళోకి తీసుకుని, పొలుసు కింద పొలుసు తుడుస్తూ కూర్చున్నారు. నిన్న తాడు కట్టిన మనిషి ఇవాళ జనాన్ని ఆపలేదు. ఎవరూ మీదకి రాలేదు కూడా.

కొంతసేపటికి అది మెల్లగా వదులవడం మొదలుపెట్టింది.

“చూసేరా అమ్మా, వెచ్చదనం తగిలింది. తేరుకుంటోంది,” అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. అది విప్పుకోవడం లేదు. ముడుచుకుని ఉండే శక్తి అయిపోయింది.

ముందు తోక జారింది. తర్వాత సన్నటి మూతి, చిన్న చిన్న కళ్ళు. ముందుకాళ్ళ గోళ్ళు. అప్పుడు తెల్లటి పొట్ట. పొట్ట మీద పొలుసులు లేవు, పల్చటి వెంట్రుకలు. ఆ పొట్టకి అతుక్కుని ఇంకొకటి. పనస పిందె అంత. మెత్తటి పొలుసులు, పాలిపోయిన రంగు. కళ్ళు మూసుకుని పాలు తాగుతున్నట్టు నోరు ఆడిస్తోంది.

డాక్టరమ్మ దాని చుట్టూ వేలు పెట్టి తడిమారు.

“లోపల పొడిగా ఉందండీ,” అన్నారు.

నిన్న పొద్దుటి నుంచి మేం పోసిన నీళ్ళలో ఒక్క చుక్క లోపలికి వెళ్ళలేదు. ఒక్కో బిందెకీ హాయిగా సర్దుకుంటోందని నేనన్నప్పుడల్లా అది ఇంకాస్త గట్టిగా మూసుకున్నది దీని కోసం.

పులస ముక్క తెచ్చిన ముసలావిడ తాడు దగ్గరే నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది: “బాలింతండీ. బాలింతకి చన్నీళ్ళు పోసేం.”

ఆ మాట విన్నాక ఆడవాళ్ళెవరూ అక్కడ నిలబడలేదు. మా ఇళ్ళలో పురిటాలి చెవుల్లో దూది పెడతారు, తలకి గుడ్డ కడతారు, చన్నీళ్ళని గది గడప దాటనివ్వరు. అలాంటివాళ్ళ చేత పోయించాను.

కాసేపటికే తల్లి పోయింది. పోయేటప్పుడు నోట్లోంచి నాలుక జారి డాక్టరమ్మ మోచేతి మీద పడింది. అంత పొడుగని ఎవరూ అనుకోలేదు. పెళ్ళిళ్ళలో నేను చెప్పే మూరెడు నాలుక నేను చూసింది అప్పుడు.

అటెండరు వెళ్ళి పంపు గట్టు మీద కూర్చున్నాడు. “బిందెలన్నీ నేనే కదండీ తెచ్చింది,” అన్నాడు. తెమ్మన్నది నేను అని ఆ పూట నేను అతనితో అనలేదు. అనాలని ఉండేది. మొన్న ఒంటరిగా కనిపిస్తే అన్నాను. అతను ఏమీ ఎరగనట్టు, “ఏ బిందెలండీ?” అన్నాడు. అతనూ మావాడే.

కబురందుకుని అటవీశాఖ వాళ్ళు మధ్యాహ్నానికి చేరారు. అప్పటిదాకా పిల్లని డాక్టరమ్మ తన చున్నీలో చుట్టి గుండెలకి ఆనించుకుని కూర్చున్నారు. అట్టపెట్టెలో పెట్టి అప్పగించేటప్పుడు చున్నీ కూడా ఇచ్చేశారు. పిల్ల కొన్ని రోజులు బతికిందనీ, తల్లి లేని పిల్లలు నిలవడం కష్టమనీ తర్వాత ఆవిడే చెప్పారు. నేను అడగకపోయినా చెప్పారు.

అసలు నన్ను బాధపెట్టేది ఆ తర్వాతి మాట. అటవీశాఖ వాళ్ళు వెళ్ళాక వరండా కడిగించి ఇద్దరం కూర్చున్నాం. ఆవిడ కోపంగా లేరు. అలసిపోయి ఉన్నారు.

“ఏజెన్సీలో చూశానన్నారు కదండీ.”

“ఆయ్.”

“అక్కడ నీళ్ళలోనే ఉండేవా?”

అప్పుడైనా చెప్పొచ్చు. జనం లేరు, తాడు లేదు, వినేవాళ్ళు లేరు. ఒక్క మనిషి, అదీ నా మీద గౌరవం ఉన్న మనిషి. అంతకంటే మంచి సమయం రాదు. నేను ఏమన్నానో తెలుసా?

“వానాకాలంలో ఎక్కువగా నీళ్ళ పక్కనే ఉండేవమ్మా.”

ఆవిడ తల ఊపి లేచారు. పై లంకలో మిగిలిన గొడ్ల పని చూడాలని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ సంగతి మా మధ్య రాలేదు. ఆవిడ పెద్ద వరదలు ఇంకా చూశారు, మంచి డాక్టరయ్యారు. నేను నా కథలోంచి పిల్లని తీసేశాను, బాలింత మాట తీసేశాను, నీళ్ళు తీసేశాను. తీసినచోట కొలతలు పెంచాను.

నేను రిటైరైన రోజున ఆసుపత్రి ముందే షామియానా వేశారు. డాక్టరమ్మ మైకు పట్టుకుని నా గురించి చాలా చెప్పారు. గేదెల దగ్గర నేను నేర్పినవన్నీ పేరుపేరునా చెప్పారు. చివర్న, “వారికి ఏజెన్సీలో అడవి జంతువులతో కూడా ఎంతో అనుభవం ఉంది,” అని నా వైపు తిరిగి ఆగారు. జనం చప్పట్లు కొట్టారు. నేను దండలోంచి నమస్కారం పెట్టాను. ఆవిడ కొంచెంసేపు అలాగే చూసి, మైకు పక్కవారికి ఇచ్చేశారు. పాపం, ఇప్పటికీ నమ్ముతోంది పిచ్చితల్లి, అనుకున్నాను.

ఈ కాగితాలు రాయడం మొదలుపెట్టాక, సంచిక ఆవిడ దాకా వెళుతుందని తట్టింది. ఆవిడ ఇప్పుడు వేరే జిల్లాలో ఉన్నారు. అచ్చులో చూసి తెలుసుకోవడం కంటే నా నోటితో వినడం నయమని మొన్న ఉదయం ఫోను చేశాను. కుశల ప్రశ్నలయ్యాయి. మోకాళ్ళ నెప్పుల దగ్గర కొంచెం సాగదీశాను. తర్వాత చెప్పేశాను.

“అమ్మా, ఆ అలుగు సంగతండి. ఏజెన్సీలో నేను అలాంటిదాన్ని చూడలేదండి. అసలు ఏదీ చూడలేదు.”

“తెలుసండీ,” అన్నారు.

“ఎప్పుడు తెలిసిందమ్మా?”

“గోనెపట్టా ఎత్తినప్పుడే. చూసినవాళ్ళెవరూ నీళ్ళు పొయ్యరు కదండీ.”

“మరి సన్మానం రోజున మైకులో అలా చెప్పేరేంటమ్మా?”

“మీరు లేచి కాదంటారేమోనని చూశానండీ.”

ఆ తర్వాత కూడా ఆవిడ మర్యాదగానే మాట్లాడారు. పిన్నిగారిని అడిగానని చెప్పమన్నారు. నేను ఆయ్, ఆయ్ అంటూ ఫోను పెట్టేశాను.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, “ఏమన్నారండీ డాక్టరమ్మ?” అంది.

“ఏమీ అనలేదు. నిన్ను అడిగానన్నారు,” అన్నాను.

చూశారా, మళ్ళీ.

కాఫీ గ్లాసు తెచ్చి చేతికి ఇస్తుంటే ఉండబట్టలేక ఆవిణ్ణి కూర్చోమని మొత్తం చెప్పాను. ఏజెన్సీ గది, మలేరియా, ఫోనులో రేపు చాలమ్మా అనడం, వణుకు చేతికి తగిలీ తెలియనట్టు ఊరుకోవడం, మైకు. కాఫీ చల్లారిపోయింది. చివరికి ఆవిడ అంది:

“ఆవేళ నవ్వులాటలో కొట్టిపారేశారు గాని, అది దుంగెందుకెక్కిందో ఇప్పుడైనా తెలిసిందా మీకు?”

“పిల్ల తడుస్తుందని,” అన్నాను.